రిగ్రెషన్‌లో ఇంటరాక్షన్, మీడియేషన్: అవుట్‌పుట్ చేతికొచ్చాక దాన్ని ఎలా చదవాలి

"చదివే గంటలు పెరిగితే మార్కులు తగ్గుతాయని వస్తోంది, డేటాలో ఏదో తేడా ఉన్నట్టుంది, ఒకసారి చూస్తావా" అంటూ ఆ మధ్య ఒక స్నేహితురాలు తన రిగ్రెషన్ అవుట్‌పుట్ పంపింది. డేటా బాగానే ఉంది, కోడ్ కూడా బాగానే ఉంది. ఆమె మోడల్లో రెండు వేరియబుల్స్‌ని గుణించి పెట్టిన ఇంటరాక్షన్ టర్మ్ ఒకటి ఉంది, మిగతా కోఎఫిషియెంట్లని మాత్రం అది అక్కడ లేనట్టే చదివేసింది. ఇంటరాక్షన్ దగ్గర జరిగే పొరపాట్లలో సగానికి పైగా ఇదే అని నా అభిప్రాయం. మీడియేషన్ దగ్గర పొరపాటు వేరే రకం. అక్కడ అంకెల్ని సరిగ్గానే చదువుతారు, కానీ ఆ అంకెలు చెప్పని సంగతిని కూడా వాటి చేత చెప్పిస్తారు. మల్టిపుల్ రిగ్రెషన్ మామూలుగా చదవడం వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను, కోఎఫిషియెంట్, స్టాండర్డ్ ఎర్రర్, పి-విలువ అంటే ఏమిటో తెలిస్తే చాలు.

ముందు మీ ప్రశ్న ఏదో తేల్చుకోండి

ఇంటరాక్షన్ అడిగే ప్రశ్న ఇది: ఒక దాని ప్రభావం అందరికీ ఒకేలా ఉందా, లేక ఇంకో దాన్ని బట్టి మారుతోందా? మీడియేషన్ అడిగేది వేరు: ప్రభావం ఉందనుకుంటే అది ఏ దారిలో వెళ్తోంది? నిద్ర చాలినవాళ్లకి చదువు ఎక్కువ ఒంటబడుతుంది, చాలనివాళ్లకి తక్కువ ఒంటబడుతుంది అంటే అది ఇంటరాక్షన్, ఇక్కడ నిద్ర మోడరేటర్. నిద్ర పెరిగితే ఏకాగ్రత పెరిగి, ఆ ఏకాగ్రత వల్ల మార్కులు పెరుగుతాయి అంటే అది మీడియేషన్, ఇక్కడ ఏకాగ్రత మీడియేటర్. ఈ రెండు మాటలూ ఒకే పేపర్లో అటూ ఇటూ మారిపోవడం ఎప్పటినుంచో ఉన్నదే. రూబెన్ బారన్, డేవిడ్ కెన్నీ 1986లో రాసిన ప్రసిద్ధ వ్యాసం మొదలైందే ఈ రెండింటినీ విడదీసి చెప్పడానికి.

ఇంకో చిన్న సంగతి. రెండు వేరియబుల్స్ మధ్య కోరిలేషన్ ఉంటే వాటి మధ్య ఇంటరాక్షన్ ఉన్నట్టు కాదు. చదువుకీ నిద్రకీ ఏ సంబంధమూ లేకపోయినా, మార్కుల విషయంలో అవి ఒకదాని ప్రభావాన్ని ఒకటి మార్చవచ్చు. మీడియేషన్‌లో అయితే ఎక్స్‌కీ (కారణం అనుకునే వేరియబుల్, ఇక్కడ నిద్ర) మీడియేటర్‌కీ సంబంధం ఉండి తీరాలి, లేకపోతే దారే లేదు.

ఇంటరాక్షన్ ఉన్న మోడల్‌ని చదవడం

లెక్క సులువుగా ఉండాలని నేనే కల్పించిన అంకెలతో ఒక మోడల్ రాస్తాను. చదువు, నిద్ర రెండూ రోజుకి గంటల్లో, మార్కులు వందకి.

మార్కులు = 40 − 2 × చదువు + 1 × నిద్ర + 0.8 × చదువు × నిద్ర

చదువు ముందున్న మైనస్ 2 చూసి కంగారు పడాల్సిన పని లేదు. ఇంటరాక్షన్ లేని మోడల్లో ఆ కోఎఫిషియెంట్‌ని "మిగతావన్నీ అలాగే ఉంచి చదువు ఒక గంట పెంచితే" అని చదువుతాం. ఇంటరాక్షన్ ఉన్నప్పుడు ఆ వాక్యం సరిపోదు, ఎందుకంటే ఒక గంట పెంచితే ఎంత మార్పు వస్తుందన్నది నిద్ర ఎంత అన్నదాని మీద ఆధారపడి ఉంది. చదువు వాలు, అంటే స్లోప్, ఇక్కడ ఒక అంకె కాదు, ఒక ఫార్ములా: −2 + 0.8 × నిద్ర. మరి మైనస్ 2 దేనికి జవాబు? నిద్ర సరిగ్గా సున్నా గంటలు ఉన్న మనిషికి చదువు ఇచ్చే ప్రభావానికి. అలాంటి మనిషి మీ డేటాలోనే కాదు, ఎక్కడా ఉండడు. మోడల్ తన గీతని అక్కడిదాకా పొడిగించి ఒక అంకె ఇచ్చింది, అంతే.

ఇప్పుడు డేటాలో నిజంగా ఉన్న విలువలు పెట్టి చూడండి. నిద్ర 5 గంటలైతే వాలు 2, 7 గంటలైతే 3.6, 8 గంటలైతే 4.4. ఐదు గంటలు నిద్రపోయేవాళ్లు రెండు గంటల చదువు నుంచి ఆరు గంటలకి వెళ్తే అంచనా మార్కులు 49 నుంచి 57కి వెళ్తాయి, ఎనిమిది గంటలు నిద్రపోయేవాళ్లకి అదే మార్పు 56.8 నుంచి 74.4కి. ఇది అర్థమయ్యే మాట. 0.8 అన్న ఇంటరాక్షన్ కోఎఫిషియెంట్ చెప్పేది కూడా ఇదే: నిద్ర ఒక గంట పెరిగిన ప్రతిసారీ, చదువు వాలు 0.8 చొప్పున పెరుగుతుంది. దాన్ని "ఇంటరాక్షన్ ప్రభావం 0.8 మార్కులు" అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ తెలియదు, అది మార్కుల్లో మార్పు కాదు, మార్కుల మార్పులో మార్పు.

అదే లెక్కని తిప్పి చూస్తే నిద్ర వాలు 1 + 0.8 × చదువు. అంటే చదువుని నిద్ర మోడరేట్ చేస్తోందో, నిద్రని చదువు మోడరేట్ చేస్తోందో గణితానికి తెలియదు, రెండూ ఒకే టర్మ్. ఏది మోడరేటర్ అన్నది మీ సిద్ధాంతం చెప్పాలి. అయినా రెండు వైపుల నుంచీ వాలు లెక్కేసి చూడటం మంచి అలవాటు. ఒక వైపు నుంచి బాగానే కనిపించిన కథ, రెండో వైపు నుంచి నమ్మలేని అంకెలు ఇస్తే మోడల్ మీద అనుమానం రావాలి.

సెంటరింగ్ గురించి ఒక మాట, ఎందుకంటే దీని మీద ఉన్నన్ని అపోహలు ఇంకో దాని మీద లేవు. ప్రతి వేరియబుల్ నుంచి దాని సగటు తీసేసి మోడల్ వేస్తే సున్నా అన్న చోటికి సగటు వచ్చి కూర్చుంటుంది. పై ఉదాహరణలో చదువు సగటు 4, నిద్ర సగటు 7 అనుకుంటే, సెంటర్ చేసిన మోడల్లో చదువు కోఎఫిషియెంట్ 3.6, నిద్రది 4.2, ఇంటర్‌సెప్ట్ 61.4. ఇంటరాక్షన్ మాత్రం అదే 0.8, దాని స్టాండర్డ్ ఎర్రర్ అదే, పి-విలువ అదే, ఆర్-స్క్వేర్ అదే, అంచనా మార్కులు కూడా అవే. సెంటరింగ్ వల్ల మల్టికోలినియారిటీ (మోడల్లోని వేరియబుల్స్ మధ్య మరీ గట్టి కోరిలేషన్) పోయి ఇంటరాక్షన్ బలపడుతుందని చాలామంది అనుకుంటారు, దాన్ని కొలిచే విఐఎఫ్ అంకె తగ్గడం నిజమే, కానీ డేటాలో కొత్త సమాచారం ఏమీ రాలేదు. మారిందల్లా మిగతా కోఎఫిషియెంట్లు జవాబు చెప్పే ప్రశ్న. సున్నా గంటల నిద్రకి బదులు సగటు నిద్ర ఉన్నవాళ్ల గురించి చెబుతున్నాయి. అందుకని సెంటర్ చేయండి, చదవడానికి హాయిగా ఉంటుంది, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోకండి. నిద్ర కోఎఫిషియెంట్ ఒక మోడల్లో సిగ్నిఫికెంట్, ఇంకో మోడల్లో కాదు అని తల పట్టుకునేవాళ్లకి కూడా జవాబు ఇదే, రెండు మోడళ్లూ వేర్వేరు ప్రశ్నలకి జవాబిచ్చాయి.

ఇదే కారణంతో, మెయిన్ ఎఫెక్ట్ (గుణించకుండా ఒంటరిగా ఉన్న టర్మ్) సిగ్నిఫికెంట్ కాలేదని దాన్ని మోడల్ నుంచి తీసేసి గుణకార టర్మ్ మాత్రం ఉంచడం చేయకండి. అలా తీసేస్తే, మోడరేటర్ సున్నా ఉన్న చోట వాలు కచ్చితంగా సున్నా అని మీరు బలవంతంగా చెప్పినట్టు. ఆ సున్నా ఎక్కడుందో స్కేల్‌ని బట్టి మారిపోతుంది కాబట్టి ఫలితం కూడా స్కేల్‌ని బట్టి మారిపోతుంది.

ఇక స్టాండర్డ్ ఎర్రర్ విషయం. వాలు ఫార్ములా అయినప్పుడు దాని స్టాండర్డ్ ఎర్రర్ కూడా ఫార్ములానే. నిద్ర విలువ z అయితే, చదువు వాలు వేరియన్స్ (స్టాండర్డ్ ఎర్రర్ స్క్వేర్) = చదువు కోఎఫిషియెంట్ వేరియన్స్ + z² × ఇంటరాక్షన్ వేరియన్స్ + 2z × ఆ రెండింటి కోవేరియన్స్ (రెండు అంచనాలూ కలిసి ఎలా కదులుతాయో చెప్పే అంకె). మామూలు అవుట్‌పుట్ టేబుల్లో ఆ కోవేరియన్స్ కనిపించదు, కోఎఫిషియెంట్ల కోవేరియన్స్ మ్యాట్రిక్స్‌ని విడిగా అడగాలి. మన ఉదాహరణలో చదువు స్టాండర్డ్ ఎర్రర్ 1.5, ఇంటరాక్షన్‌ది 0.2, కోవేరియన్స్ −0.28 అనుకోండి. నిద్ర 7 దగ్గర వేరియన్స్ 2.25 + 1.96 − 3.92 = 0.29, స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 0.54. అంటే వాలు 3.6, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ దాదాపు 2.5 నుంచి 4.7. టేబుల్లో చూస్తే చదువు కోఎఫిషియెంట్ −2, స్టాండర్డ్ ఎర్రర్ 1.5, "సిగ్నిఫికెంట్ కాదు" అని కనిపిస్తుంది. సగటు విద్యార్థి దగ్గర చూస్తే చాలా స్పష్టమైన ప్రభావం. ఒకే మోడల్, ఒకే డేటా.

మోడరేటర్‌కి ఏ విలువలు పెట్టాలి అంటే, సగటు, సగటుకి ఒక స్టాండర్డ్ డీవియేషన్ పైన, ఒకటి కింద అని ఆచారంగా వస్తోంది. తప్పు లేదు, కానీ డేటా ఒక పక్కకి ఒరిగి ఉంటే "సగటు మైనస్ ఒక డీవియేషన్" అన్న చోట ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. నేనైతే 16, 50, 84 పర్సెంటైల్స్ వాడతాను, లేదా ఆ రంగంలో నిజంగా అర్థమున్న విలువలు వాడతాను. ఇంకా మంచిది జాన్సన్-నేమన్ పద్ధతి. 1936 నాటిది, అయినా ఇప్పటికీ దీనికి సాటి లేదు. కొన్ని విలువలు ఏరుకునే బదులు, మోడరేటర్ ఏ హద్దు దాటాక వాలు సిగ్నిఫికెంట్ అవుతుందో అది నేరుగా చెబుతుంది. మన అంకెలతో ఆ హద్దు దాదాపు 4.35 గంటల దగ్గర వస్తుంది. దాని కంటే తక్కువ నిద్రపోయేవాళ్లలో చదువు ప్రభావం ఉందో లేదో ఈ డేటా తేల్చలేదు. "తేల్చలేదు" అన్న మాట గమనించండి, "లేదు" అని కాదు.

గీత గీసి చూపించండి. అడ్డంగా మోడరేటర్, నిలువుగా వాలు, చుట్టూ కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అడుగున మోడరేటర్ డేటా ఎక్కడెక్కడ ఎంత ఉందో చిన్న హిస్టోగ్రామ్. ఈ ఒక్క బొమ్మ మూడు పేరాల పని చేస్తుంది. ఆ హిస్టోగ్రామ్ లేకపోతే మాత్రం, డేటా లేని చోట గీత ఎంత ధీమాగా సాగిపోతోందో ఎవరికీ తెలియదు.

ఇంటరాక్షన్ అనిపించి కాకుండా పోయేవి

రెండు గుంపులుగా విడదీసి విడివిడిగా రిగ్రెషన్ వేసి, ఒక గుంపులో పి-విలువ 0.03, రెండో దాంట్లో 0.20 వచ్చింది కాబట్టి ప్రభావం మొదటి గుంపులోనే ఉంది అని రాయడం చాలా సాధారణం. ఇది ఇంటరాక్షన్‌కి రుజువు కాదు. మొదటి గుంపులో వాలు 3, స్టాండర్డ్ ఎర్రర్ 1.38, రెండో దాంట్లో వాలు 2, స్టాండర్డ్ ఎర్రర్ 1.56 అయినా ఇలాగే వస్తుంది, తేడా మాత్రం 1, ఆ తేడా స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 2.1. సిగ్నిఫికెంట్‌కీ నాన్-సిగ్నిఫికెంట్‌కీ మధ్య తేడా దానంతట అది సిగ్నిఫికెంట్ కానక్కర్లేదని ఆండ్రూ గెల్మన్, హాల్ స్టెర్న్ 2006లో ఒక వ్యాసమే రాశారు. తేడా గురించి చెప్పాలంటే తేడానే పరీక్షించాలి, అంటే ఒకే మోడల్లో ఇంటరాక్షన్ టర్మ్ పెట్టాలి.

రెండోది వంపు. అసలు సంబంధం వంకరగా ఉండి, రెండు వేరియబుల్స్ మధ్య గట్టి కోరిలేషన్ ఉంటే, చదువు వర్గం (స్క్వేర్) టర్మ్ చేయాల్సిన పనిని గుణకార టర్మ్ తన మీద వేసుకుంటుంది. వర్గం టర్మ్స్ కలిపి ఒకసారి చూడండి, ఇంటరాక్షన్ ఆవిరైపోతే దాని గురించి గట్టిగా రాయకండి. మూడోది స్కేల్. ఒకరికి మార్కులు 20 నుంచి 40కి, ఇంకొకరికి 40 నుంచి 80కి పెరిగాయంటే కూడికలో చూస్తే తేడా ఉంది, రెట్లలో చూస్తే ఇద్దరికీ రెండింతలే. మార్కులకి లాగ్ తీస్తే ఆ ఇంటరాక్షన్ పోతుంది. గీతలు ఒకదాన్నొకటి దాటి, ఒకరికి ప్లస్, ఇంకొకరికి మైనస్ అయ్యే రకం ఇంటరాక్షన్ మాత్రం ఇలా స్కేల్ మార్చినంత మాత్రాన పోదు, అందుకే వాటిని నేను ఎక్కువ నమ్ముతాను. వందకి దగ్గర మార్కులున్నవాళ్లకి పెరగడానికి చోటే లేకపోవడం కూడా ఇంటరాక్షన్ లాగే కనిపిస్తుంది.

లాజిస్టిక్ రిగ్రెషన్‌లో ఈ బాధ మరీ ఎక్కువ. అక్కడ గుణకార టర్మ్ కోఎఫిషియెంట్ లాగ్ ఆడ్స్ (పాస్, ఫెయిల్ అవకాశాల నిష్పత్తికి లాగ్) మీద ఇంటరాక్షన్, ప్రాబబిలిటీ మీద కాదు. చున్‌రాంగ్ ఐ, ఎడ్వర్డ్ నార్టన్ 2003లో చూపించినట్టు, ప్రాబబిలిటీ మీద లెక్కేస్తే దాని పరిమాణమే కాదు, గుర్తు కూడా మారవచ్చు, మనిషి మనిషికీ మారవచ్చు. ప్రాబబిలిటీ గురించి మాట్లాడదలచుకుంటే అంచనా ప్రాబబిలిటీలు తీసి వాటి తేడాలనే చెప్పండి.

శాంపిల్ సంగతి కూడా ముందే ఆలోచించాలి. సమాన సైజున్న రెండు గుంపుల్లో, గుంపుల మధ్య ప్రభావం తేడా స్టాండర్డ్ ఎర్రర్, మొత్తం మీద ప్రభావం స్టాండర్డ్ ఎర్రర్‌కి రెట్టింపు ఉంటుంది. పైగా ఆ తేడా అసలు ప్రభావంలో సగమే ఉంటుందనుకుంటే, అదే పవర్ (నిజంగా ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం) రావడానికి పదహారు రెట్ల శాంపిల్ కావాలి. వంద మందితో చేసిన పనిలో ఇంటరాక్షన్ రాలేదంటే అది లేదని కాదు. వచ్చిందంటే మాత్రం, అంత చిన్న శాంపిల్లో బయటపడే అంచనా సాధారణంగా ఉన్నదానికన్నా పెద్దగానే కనిపిస్తుంది, జాగ్రత్త.

మీడియేషన్: అంకెలు ఎలా వస్తాయి

నిద్ర, ఏకాగ్రత, మార్కులు తీసుకుందాం. మూడు రిగ్రెషన్లు. మార్కుల మీద నిద్ర మాత్రమే వేస్తే వచ్చేది మొత్తం ప్రభావం, దీన్ని సి అంటారు. ఏకాగ్రత మీద నిద్ర వేస్తే వచ్చేది ఎ. మార్కుల మీద నిద్ర, ఏకాగ్రత రెండూ కలిపి వేస్తే ఏకాగ్రత కోఎఫిషియెంట్ బి, నిద్ర కోఎఫిషియెంట్ సి ప్రైమ్, అంటే నేరు ప్రభావం. పరోక్ష ప్రభావం ఎ × బి.

ఎ = 2.5, బి = 0.8, సి ప్రైమ్ = 1 అనుకోండి. పరోక్ష ప్రభావం 2, మొత్తం 3. దీన్ని ఇలా చదవాలి: నిద్ర ఒక గంట ఎక్కువున్నవాళ్లకి ఏకాగ్రత స్కోరు సగటున 2.5 ఎక్కువ, నిద్ర ఒకేలా ఉన్నవాళ్లలో ఏకాగ్రత ఒక పాయింట్ ఎక్కువుంటే మార్కులు 0.8 ఎక్కువ, కాబట్టి ఏకాగ్రత దారిలో వచ్చేది గంటకి 2 మార్కులు, మిగతా దారులన్నిటిలో కలిపి వచ్చేది 1. "మిగతా దారులన్నీ" అన్నది ముఖ్యం. నేరు ప్రభావం అంటే మధ్యలో ఏమీ లేదని అర్థం కాదు, మీరు కొలిచిన మీడియేటర్ కాకుండా ఇంకేవైనా ఉండవచ్చు. పరోక్ష ప్రభావంలో ఏకాగ్రత యూనిట్ కొట్టుకుపోతుంది కాబట్టి చివరి అంకె గంటకి మార్కుల్లోనే ఉంటుంది, ఇది చాలా అనుకూలమైన సంగతి, రిపోర్టులో వాడుకోండి.

సి = సి ప్రైమ్ + ఎ × బి అన్న లెక్క కుదరాలంటే మూడు మోడళ్లూ సాధారణ లీనియర్ రిగ్రెషన్లు అయి ఉండాలి, వాటిలో ఒకే మనుషులు ఉండాలి, కంట్రోల్ వేరియబుల్స్ కూడా ఒకటే ఉండాలి. మీ లెక్క కుదరకపోతే మొదట మూడు మోడళ్ల శాంపిల్ సైజు చూడండి, ఏకాగ్రత స్కోరు లేనివాళ్లు ఒక మోడల్లో ఉండి ఇంకో దాంట్లో పడిపోయి ఉంటారు. మార్కుల బదులు పాస్, ఫెయిల్ అయితే లాజిస్టిక్‌లో ఆ సమీకరణం అసలే నిలవదు, మోడల్ మారినప్పుడల్లా కోఎఫిషియెంట్ల స్కేలే మారిపోతుంది.

పరీక్ష ఎలా చేయాలి? బారన్, కెన్నీ చెప్పిన మెట్ల పద్ధతిలో ముందు సి సిగ్నిఫికెంట్ కావాలి, తర్వాత ఎ, తర్వాత బి, చివరికి సి ప్రైమ్ తగ్గాలి. దశాబ్దాల పాటు అందరూ ఇలాగే చేశారు. ఇందులో మొదటి మెట్టు అనవసరం అని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. ఎ × బి = 2, సి ప్రైమ్ = −2 అయితే సి సున్నా. ఎక్కువ నిద్ర ఏకాగ్రత పెంచి మార్కులు పెంచింది, అదే నిద్ర చదివే సమయాన్ని తినేసి మార్కులు తగ్గించింది, రెండూ రద్దయ్యాయి. మొత్తం ప్రభావం లేదని మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతే అసలు కథ అంతా చేజారిపోతుంది.

మైఖేల్ సోబెల్ 1982లో ఇచ్చిన పరీక్ష ఎ × బిని దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగిస్తుంది. ఎ స్టాండర్డ్ ఎర్రర్ 0.5, బిది 0.25 అయితే, ఎ × బి లబ్ధానిది √(0.64 × 0.25 + 6.25 × 0.0625), అంటే 0.74, జడ్ విలువ 2.7. చేత్తో లెక్కేసి చూసుకోవడానికి బాగుంటుంది, కానీ రెండు అంచనాల లబ్ధం నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉండదు, ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, చిన్న శాంపిల్లో మరీనూ. అందుకే ఇప్పుడు అందరూ బూట్‌స్ట్రాప్ వాడుతున్నారు. ఉన్న డేటా నుంచే మనుషుల్ని, తీసిన వాళ్లని మళ్లీ తీసే అవకాశంతో, ఏరి, అంతే సైజు శాంపిల్ తయారు చేసి ఎ × బి లెక్కించి, ఆ పని ఐదు వేలసార్లో పది వేలసార్లో చేసి, వచ్చిన విలువల్లో 2.5 నుంచి 97.5 పర్సెంటైల్ వరకు తీసుకుంటే అదే ఇంటర్వెల్. అందులో సున్నా లేకపోతే పరోక్ష ప్రభావం ఉందనడానికి ఆధారం ఉన్నట్టు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఆండ్రూ హేస్ రాసిన ప్రాసెస్ మాక్రో, ఆర్‌లో లావాన్, మీడియేషన్ ప్యాకేజీలు ఈ పని చేసిపెడతాయి. ర్యాండమ్ సీడ్ ఎంతో రాసిపెట్టుకోండి, లేకపోతే రేపు మళ్లీ రన్ చేస్తే ఇంటర్వెల్ కొంచెం జరుగుతుంది, ఎందుకు జరిగిందో తెలియక టెన్షన్.

"ఫుల్ మీడియేషన్", "పార్షియల్ మీడియేషన్" అన్న ముద్రలు వాడకపోవడమే మంచిదని గట్టిగా అంటాను. సి ప్రైమ్ సిగ్నిఫికెంట్ కాకపోతే ఫుల్ అంటారు, కానీ శాంపిల్ చిన్నదైతే ఏదైనా సిగ్నిఫికెంట్ కాకుండా పోతుంది, అంటే తక్కువ డేటా తెచ్చినవాళ్లకే గొప్ప ముద్ర దక్కుతుంది. మూడింట రెండు వంతులు మీడియేట్ అయింది అన్న శాతాలూ అంతే, మొత్తం ప్రభావం సున్నాకి దగ్గరైతే ఆ భిన్నం ఎటైనా ఎగిరిపోతుంది, మైనస్ కూడా వస్తుంది, వంద శాతం దాటుతుంది కూడా. రెండు ప్రభావాలూ వాటి ఇంటర్వెల్స్‌తో రాయండి, చదివేవాళ్లు చూసుకుంటారు.

బాణాలు ఎవరు గీశారు

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. రిగ్రెషన్‌కి బాణాలు తెలియవు. నిద్ర నుంచి ఏకాగ్రతకి, అక్కడి నుంచి మార్కులకి బాణాలు గీసింది మీరు. నిద్రకీ మార్కులకీ మధ్య ఏకాగ్రత వారధి అయినా, నిద్రనీ మార్కులనీ రెండింటినీ కదిపే మూల కారణం ఏకాగ్రతే అయినా, అవుట్‌పుట్ అచ్చంగా ఒకేలా రావచ్చు. ఏకాగ్రత కలిపాక నిద్ర కోఎఫిషియెంట్ 3 నుంచి 1కి తగ్గడం మీడియేషన్‌లో జరుగుతుంది, ఉమ్మడి కారణం ఉన్నప్పుడు, అంటే కన్‌ఫౌండింగ్‌లోనూ జరుగుతుంది. రెండింటినీ విడదీసేది పి-విలువ కాదు, బూట్‌స్ట్రాప్ కాదు, ఏది ముందు జరిగింది, ఏది దేన్ని కదపగలదు అన్న మీ పరిజ్ఞానం.

ప్రయోగం చేశాం కదా, నిద్రని ర్యాండమ్‌గా పంచాం కదా అంటారేమో. అప్పుడు సి, ఎ రెండింటికీ రక్షణ ఉంటుంది. బికి ఉండదు. ఏకాగ్రతని ఎవరూ ర్యాండమ్‌గా పంచలేదు. సబ్జెక్టు మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఏకాగ్రత ఎక్కువ, మార్కులూ ఎక్కువ అనుకోండి, ఆ ఇష్టాన్ని కొలవకపోతే అది బిలో చేరిపోయి బిని పెద్దది చేస్తుంది. బి పెరిగితే ఎ × బి పెరుగుతుంది, మొత్తం స్థిరం కాబట్టి సి ప్రైమ్ ఆ మేరకు తగ్గుతుంది. చక్కటి మీడియేషన్ లాగే ఉంటుంది, చూడటానికి. అందుకని మీడియేటర్‌కీ ఫలితానికీ ఉమ్మడిగా కారణమయ్యేవి ఏమిటో డేటా సేకరించక ముందే రాసుకుని, వాటిని కొలిచి, ఏకాగ్రత, మార్కుల మోడళ్లలో పెట్టాలి. కొలవలేనివి మిగిలితే, అవి ఎంత బలంగా ఉంటే మీ ఫలితం చెదిరిపోతుందో చూపే సెన్సిటివిటీ అనాలిసిస్ చేయండి. కోసుకే ఇమాయ్, ల్యూక్ కీల్, డస్టిన్ టింగ్లీ 2010లో ఇలాంటి పద్ధతి ఇచ్చారు, పైన చెప్పిన మీడియేషన్ ప్యాకేజీలో ఉంది.

మూడింటినీ ఒకే రోజు ఒకే ప్రశ్నాపత్రంలో అడిగిన సర్వే అయితే ఇంకాస్త వెనక్కి తగ్గాలి. మీడియేషన్ అంటే కాలంలో జరిగే వరస. దాన్ని ఒకే క్షణంలో తీసిన ఫొటో లాంటి డేటా నుంచి అంచనా వేస్తే, వరస నిజమే అయినా పరిమాణం బాగా తప్పవచ్చని స్కాట్ మాక్స్‌వెల్, డేవిడ్ కోల్ 2007లో చూపించారు. వేర్వేరు సమయాల్లో కొలిచి, పాత మార్కులని కంట్రోల్ చేయగలిగితే చాలా మేలు. మీడియేటర్‌ని సరిగ్గా కొలవకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది, కొలతలో తప్పు ఎంత ఉంటే బి సాధారణంగా అంత తగ్గుతుంది, పోయింది కాస్తా నేరు ప్రభావంలో చేరుతుంది.

రెండూ కలిస్తే

నిద్ర ఏకాగ్రతని పెంచడం అందరికీ ఒకటే కావచ్చు, కానీ ఆ ఏకాగ్రత మార్కులుగా మారడం ఎక్కువ చదివేవాళ్లలోనే ఎక్కువ కావచ్చు. అప్పుడు బి ఒక ఫార్ములా అవుతుంది, పరోక్ష ప్రభావం కూడా ఫార్ములా అవుతుంది. బి = 0.2 + 0.15 × చదువు అయితే, పరోక్ష ప్రభావం 2.5 × (0.2 + 0.15 × చదువు). చదువు 2 గంటలైతే 1.25, 4 అయితే 2, 6 అయితే 2.75. చదువు గంటకి 0.375 చొప్పున పరోక్ష ప్రభావం పెరుగుతోంది, హేస్ దీన్నే మోడరేటెడ్ మీడియేషన్ ఇండెక్స్ అన్నాడు, బూట్‌స్ట్రాప్ ఇంటర్వెల్ దీనికి తీయాలి. రెండు గంటల దగ్గర సిగ్నిఫికెంట్ కాదు, ఆరు గంటల దగ్గర సిగ్నిఫికెంట్ అని చూపించి ఊరుకుంటే, పైన గుంపుల దగ్గర చెప్పిన పొరపాటే మళ్లీ చేసినట్టు.

ఎక్స్‌కీ మీడియేటర్‌కీ మధ్య ఇంటరాక్షన్ ఉందేమో కూడా చూడాలి, చాలామంది ఇది మర్చిపోతారు. అది ఉంటే ఎ × బి అన్న ఒక్క లబ్ధం సరిపోదు, ఏ నిద్ర స్థాయి దగ్గర అన్నది చెప్పకుండా పరోక్ష ప్రభావం అనే మాటకి అర్థమే ఉండదు.

రాసేటప్పుడు ఇంటరాక్షన్‌కి నేను ఇలా రాస్తాను: "రోజుకి 5 గంటలు నిద్రపోయేవాళ్లలో అదనంగా ఒక గంట చదువుకి 2 మార్కులు ఎక్కువ, 8 గంటలు నిద్రపోయేవాళ్లలో 4.4 మార్కులు ఎక్కువ, నిద్ర గంటకి ఆ తేడా 0.8", వెంటనే ఇంటర్వెల్స్, పక్కన బొమ్మ. మీడియేషన్‌కి: "ఏకాగ్రత ద్వారా వచ్చే భాగం గంట నిద్రకి 2 మార్కులని అంచనా, నిద్ర తర్వాతే ఏకాగ్రత మారుతుందనీ, ఈ రెండింటికీ, మార్కులకీ ఉమ్మడి కారణాలని మేం కంట్రోల్ చేయగలిగామనీ అనుకుంటే". ఆ చివరి "అనుకుంటే"ని రివ్యూయర్లు తీసేయమన్నా తీయకండి.